లేబుల్ మీది అంకె వెనక ఏముంది: రెప్టైల్ షోల్లో బేరం నడిచే తీరు

రెప్టైల్ షో అంటే పాములు, బల్లులు, తాబేళ్ళ లాంటి సరీసృపాలను టేబుళ్ళ మీద పెట్టి అమ్మే చోటు. అక్కడ ఒకే హాల్లో రెండు టేబుళ్ళు. రెండింటి మీదా చూడ్డానికి ఒకేలా ఉన్న బాల్ పైథాన్ (ఇళ్ళలో పెంచుకునే ఒక చిన్న రకం కొండచిలువ) పిల్లలు. ఒక డబ్బా మీద 150 అని రాసి ఉంది, రెండో డబ్బా మీద 400. షోకి మొదటిసారి వచ్చినవాళ్ళకి తికమక ఇక్కడే మొదలవుతుంది. రెండో టేబుల్ వాళ్ళు ఎక్కువ చెబుతున్నారా, మొదటివాళ్ళు ఏదైనా దాస్తున్నారా? బేరమాడితే అమ్మేవాళ్ళు నొచ్చుకుంటారా, ఆడకపోతే మనం మోసపోయినట్టా?

ఈ ప్రశ్నలు విడిపోవాలంటే ముందు ఒకటి గుర్తించాలి. సరీసృపాల ధరలో జంతువుకు కట్టే విలువ ఒక భాగమే. మిగతాదంతా దాని గురించిన హామీల విలువ: ఆడో మగో తేలిందా, పైకి కనబడని జన్యువులు ఏం మోస్తోంది, తిండి క్రమంగా తింటోందా, జబ్బు లేదని ఎలా తెలుసు, రేపు తేడా వస్తే నష్టం ఎవరు భరిస్తారు. షోలో జరిగే బేరం పైకి డబ్బు గురించే అనిపించినా, అసలు తేలేది ఈ అనిశ్చితిని ఎవరు ఎంత మోయాలన్నదే. (కింద వచ్చే ధరలన్నీ లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఏ కరెన్సీ పెట్టుకున్నా తర్కం మారదు.)

డబ్బా మీది రాతను చదవడం

ఒక లేబుల్ ఇలా ఉందనుకుందాం: "0.1 పాస్టెల్, 66% పాసిబుల్ హెట్ క్లౌన్, సీబీ 2024". చుక్కతో రాసే అంకెల్లో మొదటిది మగవాటి సంఖ్య, రెండోది ఆడవాటిది. మూడోది ఉంటే అది ఇంకా తేలనివాటిది. అంటే 1.0 ఒక మగది, 0.1 ఒక ఆడది, 1.2 ఒక మగది రెండు ఆడవి, 0.0.3 ఆడో మగో తెలియని మూడు పిల్లలు.

సీబీ అంటే పెంపకంలోనే జత కట్టించి, పుట్టించిన జంతువు. డబ్ల్యూసీ అంటే అడవిలో పట్టుకొచ్చినది. సీహెచ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: అడవి నుంచి తెచ్చిన తల్లి పెట్టిన గుడ్లనో, అడవిలో సేకరించిన గుడ్లనో బంధనంలో పొదిగించినది. ఎల్‌టీసీ అంటే ఎప్పుడో అడవి నుంచి వచ్చి, చాలాకాలంగా మనుషుల దగ్గర ఉన్నది. ధరలో పెద్ద తేడాలు చాలాసార్లు ఈ రెండు మూడు అక్షరాల్లోనే ఉంటాయి. అడవి జంతువుల్లో పరాన్నజీవులు, రవాణా ఒత్తిడి, తిండి ముట్టకపోవడం ఎక్కువ. అందుకే అవి చవక.

పాస్టెల్ అసంపూర్ణ ప్రభావం చూపే జన్యువు. ఒక ప్రతి ఉన్నా రంగులో తేలుతుంది, రెండు ఉంటే సూపర్ పాస్టెల్. క్లౌన్ అంతర్గత జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ వస్తేనే కంటికి కనిపిస్తుంది. ఒకటే ఉంటే ఆ పాము హెట్. చూడ్డానికి మామూలుగా ఉంటుంది కానీ క్లౌన్‌ను పిల్లలకు అందించగలదు. "పాసిబుల్ హెట్" అంటే ఆ ఒక్క ప్రతి ఉండవచ్చు, లేకపోనూవచ్చు.

66 శాతానికి ఎంత ఇవ్వొచ్చు

తల్లిదండ్రులిద్దరూ హెట్ క్లౌన్ అయితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి క్లౌన్, రెండు హెట్‌లు, ఒకటి ఏమీ లేనిది. క్లౌన్ కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని పక్కన పెడతారు. మిగిలిన మూడింట్లో రెండు హెట్‌లు. 66 శాతం అక్కడి నుంచి వచ్చింది. ఒకరు హెట్, ఇంకొకరు మామూలు అయితే ఆ అవకాశం 50 శాతమే. తల్లిదండ్రుల్లో ఒకరు కంటికి కనిపించే క్లౌన్, ఇంకొకరు మామూలు అయితే పిల్లలన్నీ నూరు శాతం హెట్‌లు. ఇక్కడ సందేహానికి చోటే లేదు.

ఇప్పుడు ధర. మామూలు పిల్ల 60, ఖాయంగా హెట్ అయినది 150 పలుకుతోందనుకుందాం. తేడా 90. అందులో మూడింట రెండు వంతులు 60. కాబట్టి 66 శాతం పిల్లకు లెక్క ప్రకారం 60+60, అంటే 120. లేబుల్ మీద 145 ఉంటే అమ్మేవారు దాదాపు ఖాయమైన హెట్ ధర అడుగుతున్నట్టు. 115 అని అడగడానికి ఈ లెక్క చాలు, కటువుగా మాట్లాడాల్సిన పనేమీ లేదు.

ఈ 120 కూడా నిజానికి ఎక్కువే. హెట్ అవునో కాదో తేల్చుకోవాలంటే జత కట్టించి చూడాలి. ఆడ బాల్ పైథాన్ దాదాపు 1500 గ్రాముల బరువు చేరాక గానీ జత కట్టించరు. దానికి సాధారణంగా మూడేళ్ళ వరకు పడుతుంది. అప్పుడు క్లౌన్ మగదానితో కలిపితే, ఆమె నిజంగా హెట్ అయిన పక్షంలో ఒక్కో గుడ్డుకు క్లౌన్ వచ్చే అవకాశం సగం. ఆరు గుడ్లు పెట్టి ఒక్క క్లౌన్ కూడా రాకపోతే? హెట్ అయి ఉండి కూడా అలా జరిగే అవకాశం 64లో 1. మొదటి 66 శాతాన్ని కూడా కలిపి లెక్కేస్తే ఆమె ఇంకా హెట్ అయ్యే అవకాశం 33లో 1 మాత్రమే మిగులుతుంది. అంటే మూడేళ్ళ తిండి, స్థలం పెట్టాక గానీ కొన్నది 150ల పామో 60ల పామో తెలియదు. మగది అంతకంటే చాలా ముందే, కొన్ని వందల గ్రాముల బరువులోనే పనికొస్తుంది కాబట్టి దాని విషయంలో సందేహం తొందరగా తీరుతుంది. ఆడదానికి మామూలుగా ఎక్కువ ధర పలుకుతుంది గానీ, "పాసిబుల్" అన్న మాట ఆమె విషయంలోనే ఎక్కువ ఖరీదైనది.

ఇదంతా జత కట్టించే ఉద్దేశం ఉన్నవారికి. ఒక్క పామును ఇంట్లో పెంచుకుందామనుకునే వారికి ఆ లేబుల్‌లో సగం మాటలకు విలువ సున్నా. అలాంటివారు "హెట్ సంగతి నాకు అవసరం లేదు, బాగా తినే పిల్ల ఏదైనా ఉందా" అని అడిగితే, టేబుల్ వెనకనుంచి లేబుల్ లేని, తక్కువ ధర డబ్బా ఒకటి బయటికి వస్తుంది. అక్కర్లేనిదాన్ని అక్కర్లేదని చెప్పడాన్ని మించిన బేరం షోలో లేదు.

టేబుల్ అవతలివైపు లెక్క

బ్రీడర్ (జంతువులను జత కట్టించి పిల్లల్ని అమ్మేవారు) చెప్పే ధర ఎక్కడ వంగుతుందో, ఎక్కడ వంగదో తెలియాలంటే వారి ఖర్చు చూడాలి. టేబుల్ అద్దె, ప్రయాణం, బస కలిపి 480 అయిందనుకుందాం. తెచ్చినవి 30, అమ్ముడైనవి 16. ఒక్కోదాని మీద 30 పడింది. పిల్ల పుట్టాక షోకి తేవడానికి ముందు ఎనిమిది సార్లు తినిపించారు, పూటకు 2 చొప్పున 16. కరెంటు, పరుపు, డబ్బా 6. మొత్తం 52. తల్లిదండ్రుల పోషణ ఇందులో కలపనే లేదు.

60కి అమ్మే మామూలు పిల్ల మీద మిగిలేది 8. దాని మీద 20 శాతం తగ్గించమంటే 12 పోతుంది, చేతి నుంచి 4 నష్టం. "ఇంత చిన్నదానికి కూడా తగ్గించరా" అని కొనేవారికి అనిపించే చోటే గిట్టుబాటు అసలు లేదు. అదే 400ల క్లౌన్ మీద 10 శాతం తగ్గిస్తే పోయేది 40, ఇంకా మిగులు ఉంటుంది. కాబట్టి ధర పెరిగేకొద్దీ శాతంలో సడలింపు పెరుగుతుంది. చవకైన జంతువు మీద బేరం వేళ్ళూనదు.

షో ముగిసే గంటలో ఈ లెక్క మారుతుంది. అద్దె, ప్రయాణం ఖర్చయిపోయాయి, ఇక వెనక్కి రావు. అమ్ముడుపోని పామును తిరిగి తీసుకెళ్తే వచ్చే నెల షో దాకా వారానికి 2 చొప్పున తిండి, ర్యాక్‌లో ఒక టబ్ స్థలం. ఆ సమయంలో 60కి బదులు 45 అన్నా కొందరు ఒప్పుకునేది అందుకే. ఒప్పుకోనివారికీ కారణాలున్నాయి. పొద్దున పూర్తి ధరకు కొన్నవారు ఇంకా హాల్లోనే తిరుగుతుంటారు. అదే జంతువు ఆన్‌లైన్‌లో పూర్తి ధరకు పెట్టి ఉంటుంది. చివరి గంటలో తగ్గిస్తారని పేరు పడితే తర్వాతి షోలో పొద్దున ఎవరూ కొనరు. కొనేవారి వైపు నుంచి చూస్తే, సాయంత్రం వరకు మిగిలినవి పొద్దున్నుంచి వందలమంది చూసి వదిలేసినవి, రోజంతా చిన్న డబ్బాలో ఉన్నవి కూడా.

కాలం ఇంకో రకంగానూ ధరను తింటుంది. 1992లో అమెరికన్ బ్రీడర్ బాబ్ క్లార్క్ పెంపకంలో తొలిసారి అల్బినో బాల్ పైథాన్లను పుట్టించినప్పుడు వాటికి వేల డాలర్లు పలికాయి. హెట్‌లు పెరిగి, వాటి పిల్లలు పెరిగి, ఇప్పుడు అల్బినో అతి మామూలు రంగుల్లో ఒకటి. కొత్త మార్ఫ్ (జన్యువులతో వచ్చే రంగు, గీతల రకం) ప్రతిదీ ఇదే దారిలో దిగుతుంది. కాబట్టి నిరుడు పుట్టి ఇంకా అమ్ముడుపోని పిల్ల, పెంపకం ప్రణాళిక మారి వదిలేస్తున్న పెద్ద జంతువు, ఒకేసారి చాలా పిల్లలు బయటికొచ్చే కాలంలో మామూలు మార్ఫ్‌లు: ధర సహజంగా వంగేవి ఇవి. ఈ సీజన్ మొదటి పిల్లలు, కొత్త కలయికలు వంగవు.

అమ్మేది బ్రీడరేనా

షోలో టేబుల్ వేసినవారంతా బ్రీడర్లు కారు. కొందరు పెద్ద బ్రీడర్ల దగ్గర మిగిలినవి టోకున కొని తిరిగి అమ్ముతారు. కొందరు దిగుమతిదారులు. వీళ్ళని గుర్తుపట్టడానికి ఐదు ప్రశ్నలు చాలు: ఏ తేదీన పుట్టింది, తల్లిదండ్రుల ఫోటో ఉందా, ఆఖరిసారి ఏం తింది, ఎప్పుడు తింది, ప్రస్తుతం బరువెంత. బ్రీడర్ ఫోన్ తెరిచి చూపిస్తారు. తిరిగి అమ్మేవారు "బాగానే తింటుంది" అని ఊరుకుంటారు.

తిరిగి అమ్మేవారు మోసగాళ్ళని కాదు. వాళ్ళకు కొన్న ధర స్పష్టంగా తెలుసు కాబట్టి డబ్బు విషయంలో ఎక్కువ సడలిస్తారు. సమాచారం విషయంలో మాత్రం సడలించడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. ఒకే టేబుల్ మీద పది జాతులు, అన్నీ ఒకే సైజు, తేదీలు లేవు అంటే అక్కడి 25 శాతం తగ్గింపు ఆ లోటుకు కట్టిన వెల.

ఏ లోపానికి ధర తగ్గాలి, ఏ లోపానికి తగ్గినా కొనకూడదు

బేరంలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. లోపం కనబడగానే దాన్ని తగ్గింపుకు సాకుగా వాడాలనిపిస్తుంది. కానీ లోపాలన్నీ ఒక తీరువి కావు.

కొన్ని అందానికి సంబంధించినవే. క్రెస్టెడ్ గెకో (గెకోలు ఒక రకం బల్లులు) తోక ఊడితే మళ్ళీ పెరగదు. జంతువు ఆరోగ్యానికి దానివల్ల ఇబ్బంది లేదు, చాలామంది ఇష్టపడరు కాబట్టి ధర తగ్గుతుంది. లెపర్డ్ గెకోకి మళ్ళీ పెరుగుతుంది గానీ కాస్త గుండ్రంగా, నున్నగా వస్తుంది. మానిన గీతలు, మచ్చలు కూడా ఇలాంటివే. ఇక్కడ తగ్గింపు న్యాయమైనది, అడిగితే చాలామంది ఇస్తారు కూడా.

కొన్ని తేలని విషయాలు. లెపర్డ్ గెకోల్లో పిల్ల ఆడో మగో గుడ్డు పొదిగిన ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. 26–27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా ఆడవి, 32 చుట్టూ ఎక్కువగా మగవి పుడతాయి. "టెంపరేచర్ సెక్స్‌డ్ ఫీమేల్" అన్న లేబుల్ కాబట్టి బలమైన అంచనాయే తప్ప ఖాయం కాదు. ఆడదాని పూర్తి ధర అడుగుతుంటే, మగదిగా తేలితే మార్చి ఇస్తారా అని అడగడం న్యాయం. బతికున్న ఎలుకనే తినే బాల్ పైథాన్ పిల్లను ఫ్రోజన్ ఎలుకకు మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చు. ఆ శ్రమకూ వెల ఉంది.

ఇక మూడో రకం. కళ్ళ చుట్టూ, గడ్డం కింది మడతల్లో కదిలే నల్ల చుక్కలు పాము మైట్లు, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఊపిరిలో చప్పుడు శ్వాస సంబంధ జబ్బుకు సూచనలు. లెపర్డ్ గెకో తోక పుల్లలా సన్నబడి, తింటున్నా బరువు తగ్గుతుంటే క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే పేగుల పరాన్నజీవిని అనుమానించాలి, దానికి నమ్మకమైన చికిత్స లేదు. పైథాన్లలో నిడోవైరస్, బోవా పాముల్లో ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్, బేర్డెడ్ డ్రాగన్ బల్లుల్లో అడినోవైరస్ లాంటి జబ్బులైతే పైకి ఆరోగ్యంగా కనబడే జంతువుల్లో కూడా దాగి ఉండవచ్చు.

లెక్క చూద్దాం. 200 ధర చెప్పిన పాము మైట్లున్నాయని 120కి దిగింది. 80 ఆదా అనిపిస్తుంది. వెటర్నరీ పరీక్ష, మైట్ల మందు, స్వాబ్ తీసి పీసీఆర్ చేయించడం, ఇంట్లో ఉన్న మిగతా పాములకూ మందు. ఆ 80 మొదటి వారంలోనే అయిపోతుంది. పైగా ఒక్క పరీక్షలో నెగటివ్ వచ్చినంత మాత్రాన తీరదు. క్రిప్టో లాంటివి కొన్నిరోజులే మలంలో బయటపడతాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడాలి. కొత్త పామును 90 రోజులు వేరే గదిలో ఉంచే అలవాటు ఇందుకే వచ్చింది. జబ్బు జంతువుకు "సరైన తగ్గింపు" అంటూ లేదు. ఆ టేబుల్ మీదున్న మిగతా డబ్బాలకీ అదే వర్తిస్తుంది, ఎందుకంటే మైట్లు లేబుల్ చూసి ఎక్కవు.

జన్యువుతోనే వచ్చే లోపాలు ఇంకో చిక్కు. స్పైడర్ బాల్ పైథాన్లలో తల వణకడం, తూలడం ఆ రంగును తెచ్చే జన్యువుతో ముడిపడినవే. ఎనిగ్మా లెపర్డ్ గెకోలదీ ఇదే సంగతి. లెమన్ ఫ్రాస్ట్ లెపర్డ్ గెకోల్లో రంగు కణాల నుంచి కణితులు వస్తాయని, స్పింట్1 అనే జన్యువుతో దానికి సంబంధం ఉందని 2021లో వచ్చిన పరిశోధన చూపింది. ఇవి ఇప్పుడు చవకగా దొరుకుతుంటే అది అమ్మేవారి దయ కాదు, గిరాకీ పడిపోవడం.

మాటల్లో బేరం ఎలా సాగుతుంది

కొందరు ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి షోలో దానికే ఇమ్మంటారు. పోలిక సరిగా ఉండాలంటే రవాణా కలపాలి. ఆన్‌లైన్‌లో 250, పెట్టె, ఐస్ ప్యాక్, కొరియర్ 50, మొత్తం 300. షోలో అదే రకం 280 అంటే ఇప్పటికే 20 తక్కువ, పైగా చేత్తో పట్టుకుని చూసి కొంటున్నారు. ఇక్కడ 260 అడగడం సబబుగా ఉంటుంది, 200 అడిగితే సంభాషణ అక్కడితో ఆగుతుంది. మామూలుగా ఒక్క జంతువు మీద 10–15 శాతం దిగువకు అడిగితే ఎవరూ తప్పు పట్టరు. సగానికి అడగడమంటే జంతువు బాగాలేదని చెప్పినట్టు.

ఒకటి కంటే ఎక్కువ కొంటే దారి సులువవుతుంది. 120 చొప్పున మూడు గెకోలు విడిగా 360. మూడూ కలిపి 300 అంటే బ్రీడర్‌కి మూడు డబ్బాలు ఒకేసారి ఖాళీ అవుతాయి, కొన్నవారికి 60 తగ్గింది. చిక్కేమిటంటే, ఒకే టేబుల్ మీది మగ, ఆడ పిల్లలు తోబుట్టువులు కావచ్చు. తర్వాత జత కట్టించాలనుకుంటే చవకగా కొన్న ఆ జంట పనికిరాదు. ముందే "వేరే తల్లిదండ్రులవా" అని అడగాల్సింది అక్కడే.

"మీ ఆఖరి ధర ఎంత" అన్న ప్రశ్నను చాలామంది బ్రీడర్లు ఇష్టపడరు. అంకె చెప్పకుండా అవతలివారినే తగ్గించుకోమనడం అది. "ఇది 240కి ఇస్తే ఇప్పుడే తీసుకెళ్తాను" అన్నప్పుడు ఒక అంకె, ఒక నిర్ణయం రెండూ ఉన్నాయి. జవాబు కూడా అంతే సూటిగా వస్తుంది. పక్క టేబుల్ ధరను వారి ముందే గట్టిగా చెప్పడం, చేతులు శుభ్రం చేసుకోకుండా ఒక టేబుల్ జంతువును పట్టుకుని ఇంకో టేబుల్ దగ్గరికి రావడం, ఈ రెండూ ఎంత మంచి లెక్కనైనా చెడగొడతాయి.

నగదు ఇస్తే కొంత తగ్గించడం మామూలే. కార్డు మీద అమ్మేవారికి దాదాపు 3 శాతం పోతుంది కాబట్టి ఆ మేరకు ఇద్దరికీ లాభమే. కానీ కార్డుతో ఉండే, డబ్బు వెనక్కి రాబట్టుకునే వీలు నగదుతో పోతుంది. 300 మీద 9 ఆదా చేసుకుని ఆ వీలు వదులుకోవడం లాభమో కాదో, అవతలివారిని ఎంత నమ్ముతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ధర కదలనప్పుడు కదిలేవి

గట్టి బ్రీడర్ చాలాసార్లు అంకె దించరు గానీ షరతుల్లో ఇస్తారు. 400 దగ్గరే ఆగిన పాముకు ఇంకో రెండుసార్లు తినిపించి వచ్చే షోలో అందజేయడం. బయానా తీసుకుని పక్కన పెట్టి, మిగతాది మూడు నెలల్లో వాయిదాలుగా కట్టించుకోవడం. ఆడా మగా తేడా వస్తే మార్చి ఇవ్వడం. మూడు రోజులో వారమో ఆరోగ్య హామీ. ఇప్పుడు వాడుతున్న ఫ్రోజన్ ఎలుకల్ని నాలుగైదు ఉచితంగా ఇవ్వడం కూడా చిన్నదేం కాదు, పాముకు తెలిసిన వాసన, సైజుతోనే కొత్త ఇంట్లో మొదటి తిండి మొదలవుతుంది. 40 తగ్గింపు కంటే ఇలాంటి ఒక హామీ విలువైనదన్నది చాలా సందర్భాల్లో నిజం.

పత్రాలు మాత్రం బేరంలోకి రావు. దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో బాల్ పైథాన్ రెండో అనుబంధంలో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో హెర్మన్ తాబేలు అమ్మాలంటే ఆర్టికల్ 10 ధ్రువపత్రం అనే అనుమతి కావాలి. అమెరికాలో 4 అంగుళాల కంటే చిన్న డొప్ప ఉన్న తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్మడాన్ని సాల్మొనెల్లా కారణంగా 1975 నుంచి నిషేధించారు. ఇలా దేశానికో చట్టం ఉంటుంది. "పత్రం లేదు కాబట్టి చవక" అన్న చోట దొరికేది తగ్గింపు కాదు, కేసు.

బేరమే వద్దనేవారి వాదన

బ్రీడర్లలో ఒక వర్గం బేరాన్నే అవమానంగా చూస్తుంది. రెండు మూడేళ్ళు పెంచి, పుట్టించి, తినడం అలవాటు చేసిన జీవిని వస్తువులా బేరమాడటమేమిటని వారి ప్రశ్న. చవకగా దొరికినది చవకగానే చూడబడుతుందని, ధరలు పడిపోతే వదిలేసే జంతువులు పెరుగుతాయని కూడా అంటారు. ఇంకో వర్గం షో అంటేనే సంత అని, లేబుల్ ధరలో బేరానికి కొంత కలిపే రాస్తారని అంటుంది. రెండోది చాలా టేబుళ్ళ విషయంలో నిజం. మొదటిదానిలోనూ బలం ఉంది గానీ, ఎక్కువ ధరే మంచి సంరక్షణకు హామీ అన్నది అందులోని బలహీనమైన భాగం. బాల్ పైథాన్ 20–30 ఏళ్ళు, లెపర్డ్ గెకో 15–20 ఏళ్ళు బతుకుతాయి. ఎన్‌క్లోజర్, థర్మోస్టాట్, వేడి, తిండి కలిపితే అన్నేళ్ళ ఖర్చు ముందు జంతువు ధర చిన్నది. బేరంలో మిగిలిన 40 థర్మోస్టాట్‌కి వెళ్తే అది జంతువుకే చేరింది.

బేరం కుదిరాక చీటీ మీద ఏం రాయించుకోవాలన్నది చాలామంది మర్చిపోతారు: జాతి, లేబుల్ మీది జన్యు వివరాలు యథాతథంగా ("66% పాసిబుల్ హెట్" అని ఉంటే "హెట్" అని రాస్తే ఒప్పుకోకూడదు, తర్వాత అమ్మేటప్పుడు అబద్ధం అవుతుంది), ఆడా మగా ఏ పద్ధతిలో తేల్చారో, పుట్టిన తేదీ, ఆఖరి తిండి తేదీ, ఇచ్చిన డబ్బు, నోటితో ఒప్పుకున్న ప్రతి హామీ, దాని గడువు, అమ్మినవారి పేరు, ఫోన్ నంబర్. హామీ చీటీ మీద రాయడానికి వెనకాడితే, దానికోసం ధరలో వదులుకున్నది తిరిగి అడగడానికి అదే సరైన సమయం. డబ్బు ఇంకా చేతులు మారి ఉండదు.